తూ గారి బండి

కవోష్యుంగ్ రేవు పక్కసందులో కొన్నాను.
పద్దెనిమిది వేలు. బేరమాడలేదు.
ఆడితే తూ గారు తలుపేసుకునేవారు.

పదమూడేళ్ళ స్కూటరు, వెలిసిపోయిన ఆకుపచ్చ.
"ఎర్రదీపం, పచ్చదీపం
రెండూ కవలపిల్లల్లా కనిపిస్తున్నాయమ్మాయ్" అని
లైసెన్సు వాపసిచ్చి వచ్చిన సాయంత్రం అది.
డబ్బు లెక్కపెట్టకుండానే తీసుకున్నారు.
తాళంచెవి ఇవ్వడానికే
జేబులో పెట్టిన చెయ్యి చాలాసేపు బయటికి రాలేదు.

సీటు కింద పెట్టెలో ఒక పసుపు వానకోటు,
ఒకే ఒక్క చేతితొడుగు, కుడిది,
చేపల సంత రసీదులు, వాటి వెనక
పెన్సిలుతో రాసిన ఆటుపోట్ల వేళలు.
మీవి మరిచిపోయారంటే
"నావి కావు, బండివి" అన్నారు.

మొదటి నెల నేను నడపలేదు,
అదే నన్ను నడిపింది.
అద్దాలు ఆయన ఎత్తుకి బిగించి ఉన్నాయి.
ఆయన నా కంటే మూరెడు పొడుగు.
వెనక్కి చూస్తే నాకు కనిపించేది
ఆకాశం, కరెంటు తీగలు,
ఎప్పుడైనా ఒక బస్సు నుదురు.
రెండు మరలు వదులు చేస్తే చాలు.
పానా ఉంది. చెయ్యి వెళ్ళలేదు.

మా ఊళ్ళో పెద్దకూడళ్ళలో
ఎడమకి తిరగాలంటే ముందు నేరుగా వెళ్ళాలి.
అటు దాటి, తెల్లగీతల గడిలో ఆగి,
బండి ముఖం తిప్పుకుని
ఇంకో పచ్చదీపం కోసం కాచుకోవాలి.
తొందరున్నా లేకపోయినా అంతే.
ఆ గడిలో ఇరవైమందిమి, మోకాలికి మోకాలు తగిలేంత ఇరుకు.
ఒకామె కొక్కేనికి సగం గుమ్మడికాయ,
ఒక కుర్రాడి కాళ్ళ మధ్య చెవులు వేలాడేసుకుని కుక్క,
పెట్రోలు వాసన, ఎవరిదో తలనూనె వాసన.
హెల్మెట్ గాజు పైకెత్తి ఒకాయన నా బండిని చూసి
"ఇది తూది కదూ? తూ ఏడి?"

దీపం కింద అంకె పదకొండు.
పదకొండు సెకన్లలో ఒక మనిషి చూపు గురించి
ఎంత చెప్పగలం?
"బాగానే..." అనేలోగా తొమ్మిది, ఎనిమిది,
తర్వాత అందరం కదిలిపోయాం.

సియా గారి టిఫిన్ కొట్టు దగ్గర ఇంకా అన్యాయం.
చప్పుడు వినగానే, తలైనా ఎత్తకుండా,
వేడి సోయాపాల సంచీ నా కొక్కేనికి తగిలించేస్తుంది.
చక్కెర లేకుండా.
నాకు చక్కెర కావాలి.
రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ
చప్పపాలు తాగడం వచ్చేసింది.

తుఫాను వెళ్ళిన మర్నాడు చిజిన్ దీవికి పడవెక్కాను.
రేవు చేరకముందే బళ్ళన్నీ గుర్రుమన్నాయి.
రేకు దిగగానే ఒకటే వరద, నేనూ అందులో కొట్టుకొచ్చాను.
ఒడ్డున, పాదచారుల వరసలో ఒక పొడుగాటి మనిషి
తల కొంచెం పక్కకి వంచి వింటున్నారు.
నన్ను కాదు.

ఆగాను. సీటు మీద అరచెయ్యి పెట్టారు,
ఒళ్ళు కాలుతోందా అని చూసేవాళ్ళలా.
"వెనక బ్రేకు వదులైంది" అన్నారు మొదట.
తర్వాత అద్దాన్ని తడిమి,
"ఇంకా ఇట్లాగే ఉంచావా!
వెనకేమొస్తోందో నీకెలా తెలుస్తుందే, పిచ్చిదానా?"

పానా అడిగి తీసుకున్నారు.
మర రెండుసార్లు జారింది, నేను అందుకోలేదు.
అద్దం కాస్త వంచి, తడుముకుంటూ వెనక్కి వెళ్ళి నిలబడి,
"ఏం కనిపిస్తోంది?"
"మీ టోపీ."
మళ్ళీ వచ్చి, మళ్ళీ వంచి, మళ్ళీ వెళ్ళి,
"ఇప్పుడు?"
"చొక్కా గుండీలు. పైది ఊడిపోయింది."
వెనక ఎవరో హారన్ కొట్టారు.
"కొట్టనీ" అన్నారాయన, అని
ఒకడుగు పక్కకి జరిగారు.
"ఇప్పుడు?"

"రోడ్డు" అన్నాను.